ఎనిమిది పచ్చ ముడులు

నా మాటల్లో పదోవంతు మాత్రమే నమ్మాలని మా ఆవిడ పెళ్ళయిన నెలకే కనిపెట్టింది. మిగిలిన తొమ్మిది వంతులూ ఏం చేసుకోవాలో తెలియక ఇప్పటికీ ఇరుగుపొరుగుకి పంచిపెడుతూ ఉంటుంది. అలాంటి నేను, ఈ కథని ఒకే ఒక్క అబద్ధంతో సరిపెట్టి చెప్తానని మా కోడలికి మాటిచ్చాను. ఆ ఒక్కటి కూడా లేకపోతే నాకు నోరు పెగలదు. అదెక్కడుందో చివర్లో నేనే చెప్తాను. ఎండ గురించి చెప్పేవి మాత్రం లెక్కలోకి రావు. ఎండ గురించి ఇంతవరకూ ఎవరూ నిజం చెప్పలేదు.

ఆ వేసవి ఎండ ఎలాంటిదంటే, మధ్యాహ్నమయ్యేసరికి మనిషి నీడ కూడా భయపడి మనిషి కాళ్ళ కిందికి దూరిపోయేది. గొళ్ళెం ముట్టుకుంటే ఎవరో గిల్లినట్టుండేది. మేముండేది కంపెనీ క్వార్టర్సులో. ఒక గది, ఒక వంటిల్లు, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో ఫ్యాక్టరీ గోడ. ఆ గోడ పగలంతా ఎండ తాగి, సాయంత్రం నుంచి మా మీద కక్కేది. మేము నలుగురం. కొడుకు కంపెనీ వ్యాను తోలతాడు. కోడలు లోపల నాలుగో మిషను మీద పని. నేను మిషన్లకి నూనే గ్రీజూ పెట్టేవాణ్ణి; అందరికీ గ్రీజు తాతని. మా ఆవిడ మా ముగ్గురికీ మేనేజరు. క్వార్టర్సుకీ ఫ్యాక్టరీకీ ఉన్నది ఒకటే గేటు. పనికి పోవాలన్నా అదే, పెళ్ళికి పోవాలన్నా అదే. బయటికి అడుగు పెట్టిన ప్రతిసారీ వాచ్‌మన్ పుస్తకంలో ఎక్కడికో రాయించుకునేవాడు.

మాది అట్టపెట్టెల ఫ్యాక్టరీ. ఎండాకాలం అంటే పళ్ళ కాలం, పళ్ళ కాలం అంటే పెట్టెల కాలం. ఆ మూడు నెలలూ మా ఫోర్‌మన్ నోట ఒకటే మాట: "తొందరగా!" చివరికి మనిషికి అదే పేరు ఖాయమైంది. తొందరయ్య.

తొమ్మిది ప్రెస్సు మిషన్లు. ఒక్కొక్కటీ నిలబెట్టిన ఇనప పుస్తకంలా ఉంటుంది. తెరుచుకున్నప్పుడు అట్ట పెట్టాలి, మూసుకున్నప్పుడు అట్ట మీద మడతలూ కోతలూ పడతాయి, మళ్ళీ తెరుచుకోగానే తీసి ఇంకోటి పెట్టాలి. ముందు ఒక జాలీ తలుపు. తలుపు తీస్తే పక్కనున్న చీల పైకి లేస్తుంది, మిషను ఆగిపోతుంది. వేస్తే చీల దిగుతుంది, మిషను కదులుతుంది. లోపల చెయ్యి ఉండగా పుస్తకం మూసుకోకుండా చేసిన ఏర్పాటన్నమాట. మంచి ఏర్పాటే. కానీ అట్ట అట్టకీ తలుపు తీసి వేస్తూ కూర్చుంటే పళ్ళు తోటలోనే కుళ్ళిపోతాయని తొందరయ్య బాధ. అందుకని చీలని కిందికి నొక్కి, పురికొసతో మిషను స్తంభానికి కట్టేస్తే సరి. తలుపు బార్లా తెరిచి ఉన్నా, మూసే ఉందనుకుని మిషను తన పని తాను చేసుకుపోతుంది. ఇనుముకి బలమే గానీ బుద్ధి ఉండదు.

కట్టేవాణ్ణి నేనే.

మా ఊరి బళ్ళో నేను అయిదో క్లాసు దాకా వెలగబెట్టాను. ఆ అయిదేళ్ళలో నాకు పట్టుబడినవి రెండే విద్యలు. ఒకటి, మేష్టారు పలక మీద దిద్దించిన సంతకం. చివర్న పాము తోకలాంటి మెలిక. రెండోది, బడి ఎగ్గొట్టి పశువుల వెంట తిరిగి నేర్చుకున్న దూడముడి. దూడ ఎంత గింజుకుంటే అంత బిగుస్తుంది. తెలిసినవాడు కొస పట్టి ఒక్క లాగు లాగితే జారిపోతుంది. ఆ ముడితో ఒకసారి సుడిగాలిని కొయ్యకి కట్టేశామనీ, తెల్లారి చూస్తే ముడి ఉంది గానీ కొయ్య లేదనీ ఫ్యాక్టరీలో చెప్పి చెప్పి అందర్నీ నవ్వించేవాణ్ణి.

ఈ రెండు విద్యలే ఆ వేసవి నా మెడకి రెండు పక్కల నుంచీ చుట్టుకున్నాయి. పొద్దున్న ఏడింటికి తొమ్మిది మిషన్లకీ తొమ్మిది ముడులు వేసేవాణ్ణి. వెంటనే పదడుగులు నడిచి, బల్ల మీది రిజిస్టరులో 'తలుపులు, చీలలు అన్నియు సరిగా ఉన్నవి' అన్న అచ్చు వాక్యం కింద పాము తోకతో సహా సంతకం పెట్టేవాణ్ణి. ఆ పదడుగులూ పదేళ్ళు నడిచాను. ఒక్కనాడూ కాలు తట్టుకోలేదు.

ఆ రోజు పొద్దుటి టీకి ముందు నాకు వినపడింది అరుపు కాదు, నాలుగో మిషను తాళం తప్పడం. నూనె పెట్టేవాడికి మిషన్ల చప్పుళ్ళు సొంత పిల్లల గొంతుల్లా తెలుస్తాయి. నేను పరిగెత్తి వెళ్ళేసరికి కోడల్ని స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తున్నారు. ఎవరి తువ్వాలో చేతికి చుట్టి ఉంది. ఆమె నన్ను చూడలేదు. తల పక్కకి తిప్పి, స్తంభానికేసి చూస్తోంది.

కుడిచేతి చూపుడువేలూ, దాని పక్క వేలూ పోయాయి.

*

చెయ్యి ఇంకా పచ్చిగా ఉండగానే కంపెనీ కాగితం వచ్చింది. కోడలు గడపలో కూర్చుని పైకి చదివింది. రక్షణ కోసం ఉంచిన చీలను కార్మికురాలు తన ఇష్టానుసారం కట్టివేసి ప్రమాదం కొనితెచ్చుకున్నందున ఆమెను పనిలోంచి తీసేశారట.

"నేను కట్టానట," అంది, చీరకి మరక ఉందని చెప్పినంత మామూలుగా.

"పోనీలేవే," అన్నాడు మా వాడు. "ఏదో రాస్తారు. ముందు చెయ్యి మాననీ."

"చెయ్యి మానుతుంది. ఈ కాగితం మానదు. రేపు ఎక్కడ పని అడిగినా నాకంటే ముందు ఇది పోయి కుర్చీలో కూర్చుంటుంది. నా వేళ్ళు నేనే కోసుకున్నానని నా మనవళ్ళు కూడా చదువుకోవాలా?"

"మనవళ్ళ దాకా ఎందుకు తల్లీ, ముందు కొడుకుని కను," అంది మా ఆవిడ కళ్ళు ఒత్తుకుంటూనే.

"కేసు వేస్తానత్తయ్యా. ఆ వాక్యం కొట్టేసి, నా తప్పు లేదని రాసివ్వాలి. అంతే నాకు కావాల్సింది."

మా వాడి మొహం పాలిపోయింది. "కంపెనీ ఇంట్లో కూర్చుని కంపెనీ మీద కేసా? కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే కదే!"

"కొమ్మయితే కాస్త గాలైనా వచ్చేది," అంది కోడలు. తర్వాత నావైపు తిరిగింది. "మీరేమంటారు మామయ్యా?"

నా నాలుక మీద నిజం ఉంది. దాన్ని తోసుకుని అలవాటైన సరుకే బయటికొచ్చింది. "మా ఊళ్ళో ఒకసారి కోడి, నక్క మీద కేసు పెట్టిందమ్మాయ్. వాయిదాకి రమ్మంటే ఇద్దరూ వచ్చారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఒక్కరే వెళ్ళారు..."

మా వాడు నవ్వాడు. మా ఆవిడ కూడా నవ్వింది. కోడలు నా చేతులకేసి చూసి, కాగితం మడిచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచి నేను దూడముడి వెయ్యడం మానేశాను. ఫ్యాక్టరీలో మిగిలిన ఎనిమిదీ మాత్రం ఎవరూ విప్పకుండా అలాగే ఉండిపోయాయి. మా ఇంట్లో బట్టల తాడు దగ్గర్నుంచి కిటికీ తెర దాకా అన్నీ ఆ ముడి మీదే బతికేవి. అన్నీ విప్పి ఎవరికైనా వచ్చే మామూలు ముడులు వేశాను. రెండో రోజుకే తాడు ఊడి, ఉతికిన దుప్పట్లన్నీ మట్టిలో పడ్డాయి.

"నలభై ఏళ్ళుగా మీ మాట నిలవగా చూళ్ళేదు, మీ ముడి ఊడగా చూళ్ళేదు," అని మా ఆవిడ అందుకుంది. "చేతులకేమైనా జబ్బు చేసిందా?"

"ఎండకి తాడు కరిగింది."

కోడలు ఎడంచేత్తో దుప్పట్లు ఏరుతోంది. తాడు కొస ఒకసారి పైకెత్తి చూసి, వదిలేసింది.

*

లాయరమ్మ ఆఫీసు సైకిల్ షాపు మీది మేడ. మా వాడికి డ్యూటీ కనుక కోడలికి తోడు నేనే. గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకం తెరిచేవాడు.

"ఎక్కడికి తాతా?"

"పంటి డాక్టరు దగ్గరికి."

"ఎవరి పన్ను?"

"ఇద్దరిదీ."

"వారంలో ఇది మూడోసారి. నోట్లో ఎన్ని పళ్ళున్నాయేంటి?"

"నాకు పదకొండే. అమ్మాయికి నిండుగా ఉన్నాయి, నెల రోజులైనా పట్టొచ్చు."

నవ్వుతూనే రాసుకునేవాడు. పొద్దుగూకే లోపల మా పంటినొప్పి తొందరయ్య చెవిలో పడేది.

లాయరమ్మ సూటి మనిషి. "చీల ఎవరు కట్టారు?" అని అడిగింది మొదటి రోజే.

"నేను వెళ్ళేసరికే కట్టి ఉండేదండీ," అంది కోడలు.

"అదే, ఎవరు కట్టేవాళ్ళు?"

"నేను వెళ్ళేసరికే కట్టి ఉండేదండీ."

అక్షరం మారలేదు. లాయరమ్మ కళ్ళద్దాల మీంచి నన్ను చూసింది. "మీరు రోజూ మిషన్ల మధ్య తిరిగేవారు కదా తాతగారూ, మీకేమైనా తెలుసా?"

"నాకు దగ్గర చూపు ఆనదమ్మా," అన్నాను. సూదిలోకి దారం ఎక్కించడంలో మా క్వార్టర్సులో నన్ను మించినవాడు లేడు.

వచ్చేటప్పుడు కోడలు కాగితాల కట్టకి దారం కట్టబోయింది. మూడు వేళ్ళతో కుదరలేదు. పంటితో పట్టుకున్నా కుదరలేదు. కట్ట నా ముందు పెట్టింది. మామూలు ముడి వేసిచ్చాను. మెట్లు దిగుతుంటే ఊడిపోయి కాగితాలన్నీ సైకిళ్ళ మధ్య చెల్లాచెదురయ్యాయి. ఇద్దరం ఒంగి ఏరుకున్నాం.

"ఇదేం ముడి మామయ్యా?" అంది, నా మొహంకేసి చూడకుండా.

"బజారు ముడమ్మా. పట్నంలో అంతా ఇదే."

అలా ఆ నెలలో నాలుగుసార్లు కట్ట ఊడింది. నాలుగుసార్లూ ఏరుకున్నాం. ఇంకో ముడి వెయ్యమని ఆమె అడగలేదు.

*

ఒక ఆదివారం మధ్యాహ్నం తొందరయ్య మా ఇంటికొచ్చాడు. ఆడవాళ్ళిద్దరూ కుళాయి దగ్గరికి వెళ్ళారు. మాకున్న ఒక్క కుర్చీలో కూర్చుని గది నాలుగు మూలలా చూశాడు.

"ఇల్లు బాగుంది తాతా. గాలి లేదు గానీ."

"గాలికి కూడా గేటు దగ్గర రాయించుకోవాలంటే బద్ధకం బాబూ."

నవ్వాడు. "రిజిస్టరులో సంతకం నీదే కదా?"

"నాదే."

"ఆ తోక?"

"తోకా నాదే."

"అయితే కంపెనీ తరఫు సాక్షివి నువ్వే. మూడు మాటలు చెప్పి దిగిపో. సంతకం నాది. అన్నీ చూశాను. అన్నీ సరిగా ఉన్నాయి. కోడలికి ఎదురుగా మామే చెప్పాడంటే జడ్జిగారు ఇంక ఆలోచించరు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే పదేళ్ళు దొంగ సంతకాలు పెట్టినవాడివి అవుతావు. చెప్తే, నువ్వు పోయేదాకా ఈ ఇల్లు నీదే, మీ వాడి వ్యాను మీ వాడిదే." లేచి నా భుజం తట్టాడు. "ఇంకోటి. ఎల్లుండి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. రేపు మిషన్లకి రంగు వేయిస్తున్నా. ఇప్పుడే వెళ్ళి ఆ పురికొసలు పీకెయ్. తొందరగా!"

నాలుగో మిషనుది అప్పటికే వాళ్ళు ఊడబెరికి కవర్లో పెట్టి కోర్టుకి ఇచ్చేశారు, కోడలు కట్టింది ఇదేనని. ఆమె కడుతుంటే కళ్ళారా చూశానని తొందరయ్య ప్రమాణం చేసి మరీ చెప్పొచ్చాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాకు గొయ్యి ముచ్చట కూడా లేదు, నాలుగు పక్కలా నుయ్యే.

బ్లేడు తీసుకుని లోపలికి వెళ్ళాను. మిషన్లన్నీ నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నాయి. ఎనిమిదింటికీ చీల దగ్గర పురికొస కోశాను. స్తంభానికున్న చుట్టూ, ముడీ మిగిలాయి. కొస పట్టి ఒక్క లాగు లాగితే అవీ పోతాయి. ఎనిమిది లాగుళ్ళు. నేను లాగలేదు. ఎందుకు లాగలేదంటే, మా ఆవిడకి నడుం నొప్పి అని చెప్పాను, మా వాడికి ముందుచూపు అని చెప్పాను, లాయరమ్మకి మర్చిపోయానని చెప్పాను. మూడింట్లో మీకు నచ్చింది తీసుకోండి.

మర్నాడు రంగులవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక తొందరయ్య ఉన్నాడు. ముడి అడ్డం వస్తే ముడి మీదా, బల్లి అడ్డం వస్తే బల్లి మీదా పూసుకుంటూ పోయారు. సాయంత్రానికి ఫ్యాక్టరీ చిలక రెక్కలా పచ్చగా మెరిసిపోయింది. స్తంభాల మీద ఉసిరికాయంత పచ్చ బుడిపెలు, చూసేవాడికి ఇనుములోనే పుట్టినట్టు ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి, రంగుని మెచ్చుకుని, టీ తాగి వెళ్ళాడు.

*

ఇలాంటి కేసులు ఏళ్ళ తరబడి నడుస్తాయంటారు. మా జడ్జిగారు ఆ వేసవి చివర్లో రిటైరవుతున్నారట. బల్ల మీద ఉన్నవన్నీ తేల్చేసి పోవాలని ఆయన పట్టుదల. అందుకని నా వంతు తొందరగానే వచ్చింది.

కంపెనీ వాళ్ళు నన్ను వ్యానులోనే తీసుకెళ్ళారు. తోలుతున్నది నా కొడుకు. పక్కన కంపెనీ ప్లీడరు, వెనక తొందరయ్యా నేనూ. మలుపు తిరగ్గానే బస్టాపులో ఎండలో నిలబడి కోడలూ, మా ఆవిడా. కోడలి చంకలో కాగితాల కట్ట. మా వాడి కాలు బ్రేకు మీదికి పోయింది. వ్యాను నెమ్మదించింది.

"తొందరగా!" అన్నాడు తొందరయ్య.

వ్యాను ముందుకి పోయింది. మా ఆవిడ నన్ను చూసింది. నేను చెప్పు సర్దుకుంటున్నట్టు కిందికి వంగాను. అద్దంలో మా వాడి కళ్ళు ఒక్కసారి నా కళ్ళకి తగిలి, మళ్ళీ రోడ్డు మీదికి పోయాయి.

కోర్టు హాలు మా క్వార్టరు కంటే పెద్దది, గాలి విషయంలో మాత్రం అక్కచెల్లెళ్ళే. బోను ఎక్కాను. కంపెనీ ప్లీడరు రిజిస్టరు నా ముందు పెట్టాడు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదేనండీ."

"ఆ రోజు మిషన్లన్నీ చూశారా?"

"చూశానండీ."

రెండు మాటలు అయిపోయాయి. మూడోదే మిగిలింది. ఎదురు బల్ల దగ్గర కోడలు కట్ట విప్పి ఏదో కాగితం లాయరమ్మకి ఇచ్చి, మళ్ళీ కట్టుకుంటోంది. దారం ఒక కొస పంటికింద పెట్టి, రెండోది బొటనవేలితో తిప్పుతోంది. జారింది. మళ్ళీ తిప్పింది. జారింది. నా సాక్ష్యం వింటున్నట్టే లేదు.

"అన్నీ సరిగా ఉన్నాయా?" అన్నాడు ప్లీడరు.

"లేవండీ," అన్నాను. నా గొంతు హాలంతా ఖంగుమని మోగింది.

ప్లీడరు రిజిస్టరు నా ముందుకి ఇంకాస్త జరిపాడు. "ప్రశ్న సరిగా వినండి తాతగారూ..."

"విన్నానండీ. తొమ్మిదింటికీ చీలలు కట్టేసి ఉన్నాయి. కట్టింది నేను. కట్టమన్నది ఫోర్‌మన్ గారు. కట్టాక వెళ్ళి సంతకం పెట్టాను. ఆ రోజే కాదు, పదేళ్ళుగా."

ఇంక చూడాలి. సాక్షి ఎదురు తిరిగాడని ప్లీడరు జడ్జిగారి అనుమతి తీసుకుని నా మీద పడ్డాడు. తొందరయ్య వెనక నుంచి చెవిలో అందిస్తున్నాడు.

"సుడిగాలిని కొయ్యకి కట్టేశానని చెప్పింది మీరేనా?"

"నేనేనండీ."

"అది నిజమా?"

"కాదండీ. కొయ్య వరకూ నిజం."

హాల్లో నవ్వులు. "మీ ఊళ్ళో గేదె ఒకటి వానకి నానీ నానీ రెండు గేదెలైందని చెప్పారా?"

"కొంచెం ఎక్కువ చెప్పానండీ. ఒకటిన్నరే అయింది."

బంట్రోతు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. జన్మంతా జనాన్ని నవ్వించినందుకు ఆ నవ్వు నా చుట్టూ గోడలా లేస్తోంది. ఒక్కో కోతా ఒక్కో ఇటుక.

"అయ్యా," అన్నాడు ప్లీడరు, "ఈయన నోట్లోంచి నిజం వచ్చిందని ఫ్యాక్టరీలో ఎవరూ ఎరగరు. కోడల్ని కాపాడుకోడానికి ఇప్పుడొక కథ అల్లాడు."

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "ఏమయ్యా, ఇదీ కథేనా?"

"కథే అయితే ఇంతకంటే బాగా చెప్పేవాణ్ణండీ."

ఆయన నవ్వలేదు. "రుజువేమిటి?"

"ఆ కవర్లో ఉన్నది దూడముడండీ. నేను తప్ప అక్కడెవరికీ రాదు. మిగతా ఎనిమిదీ స్తంభాలకే ఉన్నాయి. పైన పచ్చరంగు వేశారు. గోటితో గోకితే కనపడతాయి."

తొందరయ్య లేచి తలుపువైపు నడిచాడు. జడ్జిగారు వేలితోనే కూర్చోబెట్టారు. "మా గుమస్తా వెళ్ళి చూసొచ్చేదాకా ఎవరూ హాలు దాటొద్దు."

కోర్టువారికి బండి లేదు. ఉన్నది మా వాడి వ్యానే. గుమస్తాగారు ఆ కవరు పట్టుకుని బయల్దేరారు. మా వాడు తాళాలు తీసుకోడానికి వస్తే తొందరయ్య వాడి చొక్కా పట్టుకుని, పెదవి కదలకుండా, "దారిలో పెట్రోలు అయిపోవాలి," అన్నాడు.

"నిండుగా ఉందండీ," అన్నాడు మా వాడు, అందరికీ వినపడేలా. వాడు పుట్టాక అంత పెద్ద గొంతు అదే మొదటిసారి.

రెండు గంటలు కూర్చున్నాం, ఒకే ఫ్యాను కింద, అటూ ఇటూ. తలుపు దగ్గర బంట్రోతు. నా జీవితంలో తొందరయ్య ఏమీ తొందరపెట్టని రెండు గంటలు అవే. కోడలు కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నావైపు చూడలేదు.

గుమస్తాగారు తిరిగొచ్చారు. గోళ్ళ నిండా పచ్చరంగు.

"ఎనిమిదండీ," అన్నారు జడ్జిగారితో. "అన్నీ ఇలాంటివే. ఒకటి లాగి చూశాను, ఊడలేదు."

"ఎటు లాగారండీ?" అన్నాను కూర్చున్న చోటి నుంచే.

*

తొలకరి పడ్డ రోజున తీర్పు వచ్చింది. కార్మికురాలి తప్పు ఏమాత్రమూ లేదు. ఆమెను తిరిగి పనిలోకి తీసుకోవాలి. కోడలు ఆ రెండు వాక్యాలూ బస్సులో రెండుసార్లు చదివింది. ఒకసారి తనకి, ఒకసారి పక్క సీటు మనిషికి. నా గురించి కూడా అందులో నాలుగు వాక్యాలున్నాయి. అవి చదవను. ఆ చేత్తో భోజనం చెయ్యడానికి సిగ్గుపడేంత బాగా రాశారు.

తొందరయ్యని ఇంకో ఊరి ఫ్యాక్టరీకి పంపారు, అదీ తొందరగానే. నన్ను తీసేశారు. మా వాడి చేతిలోంచి వ్యాను తాళాలు తీసుకున్నారు. క్వార్టరు నా పేరు మీద ఉంది కనుక పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యమన్నారు. ఇంటిల్లిపాదికీ మిగిలిన పని కోడలిదొక్కటే, పెట్టెల మీద చీటీలు అంటించే బల్ల దగ్గర.

సామాను సర్దుతున్న రోజు. మా ఆవిడ గిన్నెలు మూటగడుతూ, ఇంత చిన్న గదిలో ఇంత సామాను ఎలా పట్టిందా అని గదినే తిడుతోంది. కోడలు కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. మీద పురికొస.

"ఈసారి బజారు ముడి వద్దు మామయ్యా. మీది వెయ్యండి."

పురికొస చేతిలోకి తీసుకున్నాను. "నీకెప్పుడు తెలుసమ్మాయ్?"

"స్ట్రెచర్ మీద ఉన్నప్పుడే. మన బట్టల తాడుకి రోజూ చూసే ముడే కదా."

"మరి లాయరమ్మకి చెప్పలేదేం?"

"నేను చెప్తే మామ మీద కోడలు చాడీ అంటారు. మీరు చెప్తే సాక్ష్యం అంటారు." కట్ట ఇంకాస్త ముందుకి తోసింది. "ఎదురుచూశాను. చాలాసేపే పట్టింది మీకు."

తిడితే బాగుండేది. తిట్టలేదు. నేను ముడి వేశాను. ఆమె కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది, జారిపోయింది. మళ్ళీ నా ముందు పెట్టింది. "నెమ్మదిగా వెయ్యండి. నేనూ నేర్చుకుంటాను."

చూపుడువేలు లేకుండా దూడముడి పడదు. మడతని ఆపి ఉంచేది ఆ వేలే. నా వేలు ముడుచుకుని, నేనూ ఆమెతో పాటు మొదట్నుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. వాన వెలిసేదాకా పట్టింది. చివరికి ఉంగరం వేలితో పడింది. కాస్త వంకర, కానీ బిగువు.

బండి గేటు దగ్గర ఆగింది. వాచ్‌మన్ పుస్తకం తెరిచాడు. "ఎక్కడికి తాతా?" అన్నాడు, అలవాటుకొద్దీ. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"రాసుకో. పన్ను పీకించుకున్నాం."

"నొప్పి తగ్గిందా?"

"తగ్గింది. సందు మిగిలింది. నాలిక అక్కడికే పోతోంది."

మర్నాడు పొద్దున్నే కోడలు అదే గేటులోంచి పనికి లోపలికి వెళ్ళింది. నేను రోడ్డుకి ఇవతల నిలబడి చూశాను. నన్ను ఇప్పుడు ఆ గేటులోకి రానివ్వరు. పదేళ్ళు బయటికి రావడానికి రాయించుకున్నవాణ్ణి.

అబద్ధం సంగతి చెప్తానన్నాను కదూ. కోర్టులో నా గొంతు ఖంగుమని మోగిందన్నాను చూశారా, అదే. లేవండీ అన్న ఆ ఒక్క మాట ఎవరికీ వినపడలేదు. జడ్జిగారు మూడుసార్లు చెప్పించుకున్నారు.